పళ్ల డాక్టర్ అడిగిన ప్రశ్న

ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచకుండా మింగలేకపోతే అది జబ్బని ఎవరనుకుంటారు? అన్నంలో మజ్జిగ పోసుకుంటే తప్ప ముద్ద దిగేది కాదు. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి జడ వేసుకోవడం కూడా కష్టమయ్యేది.

మా వీధి డాక్టర్ థైరాయిడ్, షుగర్ చూసి అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఎముకల డాక్టర్ రక్తపరీక్షలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అని చూడగానే కీళ్లవాతం అనేశారు. కళ్ల సంగతి చెప్పబోతే, అది తన విభాగం కాదట.

చివరికి పట్టుకున్నది పళ్ల డాక్టర్. చిగుళ్ల అంచుల్లో వరసగా పుచ్చిన పళ్లు చూసి, "నోరు ఎండిపోతోందా అమ్మా? కళ్లు మండుతున్నాయా?" అని అడిగి, రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే డాక్టర్‌ను, కలవమన్నారు.

పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ ఓపీకి వెళ్లాను. అక్కడి మేడమ్ నా ఫైలు పక్కన పెట్టి ముందు ప్రశ్నలు మొదలుపెట్టారు. రాత్రిళ్లు నీళ్ల కోసం లేస్తారా? చెంపలు ఎప్పుడైనా వాచాయా? జలుబు మాత్రలు, డిప్రెషన్ మందులు వాడుతున్నారా? వాటివల్ల కూడా నోరు ఎండుతుందట. హెపటైటిస్ సి కూడా ఇలాగే కనిపిస్తుందని ఆ పరీక్ష కూడా రాశారు.

ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష 1:320 అని పాజిటివ్ వచ్చిన రాత్రి గూగుల్ చూసి ఏడ్చాను. ఆ ఒక్కదాంతో ఏమీ తేలదని, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా పాజిటివ్ వస్తుందని మేడమ్ చెప్పాక గానీ కుదుటపడలేదు. కీళ్లవాతానికి చూసే యాంటీ సీసీపీ నెగెటివ్. యాంటీ ఆర్‌ఓ అనే యాంటీబాడీ మాత్రం గట్టిగా పాజిటివ్. ఇక మిగిలింది షిర్మర్ పరీక్ష. కింది రెప్పలో చిన్న కాగితం పట్టీ పెట్టి ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమంటారు. పట్టీ 5 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ తడిస్తే కన్నీళ్లు చాలనట్టే. నాకు 3 దగ్గరే ఆగిపోయింది. అంత ఏడ్చిన దాన్ని!

జబ్బు పేరు షోగ్రెన్. మన రోగనిరోధక శక్తే కన్నీళ్లు, లాలాజలం తయారుచేసే గ్రంథుల మీద దాడి చేస్తుందట. 2016 నాటి కొలమానం ప్రకారం నాలుగు పాయింట్లు కావాలి: యాంటీ ఆర్‌ఓకు మూడు, షిర్మర్‌కు ఒకటి. నాకు సరిగ్గా సరిపోయాయి కాబట్టి పెదవి లోపల ముక్క తీసే బయాప్సీ తప్పింది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఈ జబ్బులో కూడా చాలామందికి పాజిటివ్ వస్తుందట. ఎముకల డాక్టర్‌కు నా కళ్ల గొడవ వినే ఓపిక ఉంటే అప్పుడే అనుమానం వచ్చేదేమో.

కంటి చుక్కలు, కీళ్ల కోసం హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చారు. ఆ మాత్ర వాడేటప్పుడు రెటీనా పరీక్షలు కూడా చేయించుకుంటూ ఉండాలి. లేవబోతుంటే మేడమ్, "పిల్లల కోసం చూస్తున్నారా?" అన్నారు. యాంటీ ఆర్‌ఓ ఉన్న తల్లులలో కొద్దిమందికి కడుపులో బిడ్డ గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉందట. చూస్తున్నామని చెప్పాను. నెల తప్పగానే రావాలని, మాత్ర ఆపొద్దని ఫైలు మీద ఎర్ర సిరాతో రాసిచ్చారు.