ఎరుపు కింద దొరికిన ఆకుపచ్చ

నేను కొన్నప్పుడు నా 1967 కార్వెట్, అంటే షెవర్లే వారి స్పోర్ట్స్ కారు, ఎర్రగా ఉండేది. ఆ ఎరుపును చూసే కొన్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది. గ్లవ్ బాక్స్ కింద అడ్డకమ్మీకి రివెట్లతో బిగించిన ట్రిమ్ ట్యాగ్ మీద, అంటే కారు రంగు కోడ్, బాడీ తేదీ ఉండే చిన్న రేకు మీద, 983 అనే అంకె అప్పుడూ ఉంది, దాని అర్థమేమిటో నేనే కనుక్కోలేదు. 983 అంటే గుడ్‌వుడ్ గ్రీన్, ముదురు ఆకుపచ్చ. ర్యాలీ రెడ్ అయితే 974 ఉండాలి. ఆ మోడల్ సంవత్సరంలో సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ తయారుచేసిన 22,940 కార్వెట్లలో 4,293 ఈ ఆకుపచ్చవే, అన్నిటికన్నా ఎక్కువగా జనం కోరుకున్న రంగు అదే. దాని మీద ఎవరో, ఎప్పుడో ఎరుపు పులిమారు. డాష్‌బోర్డు విప్పినప్పుడు మీటర్ల వెనక మూలల్లో పాత ఆకుపచ్చ తుంపరలు కనిపించాయి. నకిలీ ట్యాగులు కూడా అమ్ముడుపోయే ఈ లోకంలో రేకు మీది అంకె కన్నా ఆ తుంపరలనే నేను ఎక్కువ నమ్మాను.

1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ పోటీలలో కారు ఎంత అందంగా ఉందన్నది ప్రశ్న కాదు. ఫ్యాక్టరీలో తయారై డీలరు చేతుల మీదుగా మొదటి యజమానికి అందిన రోజున ఎలా ఉండేదో అలాగే ఉందా అన్నదే ప్రశ్న. మొత్తం 4,510 పాయింట్లలో నూటికి 94 వంతులు దక్కితే టాప్ ఫ్లైట్ అంటారు. ఫ్యాక్టరీ కన్నా నాసిగా చేస్తే పాయింట్లు పోవడం న్యాయమే, కానీ అంతకన్నా బాగా చేసినా పోతాయి.

నా కారును ఆ పోటీకి పెట్టినప్పుడు నాకు దెబ్బ తగిలింది అక్కడే. రంగు అచ్చంగా 983నే కలిపించాను, అయితే పెయింట్ షాపువారు అలవాటు ప్రకారం దాని మీద క్లియర్ కోట్ కొట్టారు, ఆ అద్దంలాంటి మెరుపు చూసి నేనూ నోరు మూసుకున్నాను. ఆ రోజుల్లో సెయింట్ లూయిస్‌లో వేసినది యాక్రిలిక్ లాకర్ అనే రకం పెయింట్. దాని పైన పారదర్శకమైన పొర ఏదీ ఉండదు, రంగు పొరనే పాలిష్ పట్టి మెరిపించేవారు. జడ్జి టార్చి పట్టుకుని తలుపు పక్కన వంగి, లేచి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అర నిమిషం కూడా పట్టలేదు. వీడియో కాల్‌లో అమ్మకు ఈ సంగతి చెబితే, "మెరిస్తే మార్కులు తగ్గించడమేమిట్రా? అయినా ఎర్రదే బాగుండేది" అంది.

ఇంజిన్ విషయంలో మాత్రం ఆశకు పోలేదు. నా కారులో ఉన్నలాంటి 327 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్లకు మిషిగన్‌లోని ఫ్లింట్ ప్లాంటులోనే నారింజ రంగు కొట్టేవారు, ఆ తొందరలో ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డుల అంచుల మీద కూడా రంగు పడేది, కారు నడిచాక వేడికి అది కాలి రాలిపోయేది. అందుకే మానిఫోల్డుల అంచుల మీద కావాలనే కాస్త నారింజ చిందించి వదిలేశాను; షోరూమ్ మెరుపుకు అలవాటు పడిన స్నేహితులు దాన్ని చూసి పనివాడి నిర్లక్ష్యం అనుకున్నారు. బానెట్ లోపలి వైపు ఆకుపచ్చ ఉండకూడదు, తక్కువ మెరుపున్న నలుపే ఉండాలి.

ఇక కాగితాలు. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్లవారు అదృష్టవంతులు, కారు మొదట ఎలా తయారైందో చెప్పే మార్టీ రిపోర్ట్‌ను వాటి ఉత్పత్తి రికార్డుల నుంచి తెప్పించుకోవచ్చు. మా కార్వెట్లకు అటువంటి వెసులుబాటు లేదు, కారు ఒంటి మీద మిగిలిన ఆనవాళ్ళనే పోగుచేసుకోవాలి. ఇంజిన్ ముందు భాగంలో చదునుగా ఉన్న చోట ఫ్లింట్‌ను సూచించే వి అక్షరం, తయారైన నెల, తేదీ, ఇంజిన్ రకాన్ని తెలిపే హెచ్‌ఈ అనే కోడ్, పక్కనే కారు సీరియల్ నంబరు కొట్టి ఉంటాయి. ఆ తేదీ ట్రిమ్ ట్యాగ్ మీద ఉన్న బాడీ తేదీకి ముందుదై ఉండాలి. ఇవన్నీ నా కారులో సరిపోయాయి.

కారుకు ఏ ఆప్షన్లు అమర్చారో తెలిపే, పెట్రోలు ట్యాంకు పైభాగాన అతికించే కాగితం కోసం ట్యాంకును దించడానికి రెండు నెలలు వెనకాడాను, ఎందుకంటే అది దొరకకపోతే ఎలా అన్న భయం. చివరికి దించితే కాగితం సగం చివికిపోయి ఉంది, మిగతా సగం మీద నాలుగు గేర్ల ఎం20, ఎఎం-ఎఫ్ఎం రేడియో యు69 మాత్రం చదవడానికి వీలుగా ఉన్నాయి. దాన్ని ఊడదీయలేదు. ఫొటోలు తీసి, ఆకుపచ్చ తుంపరల ఫొటోల పక్కన ఫైలులో పెట్టి, ట్యాంకును మళ్ళీ పైకెక్కించాను.