ఉచితంగా దొరికిన పుస్తకాన్ని మన క్లాసుకి సరిపెట్టడం

విశాఖలో డిగ్రీ ఫిజిక్స్ చదివేవాళ్లకి పుస్తకం దొరకదన్న మాట ఇప్పుడు చెల్లదు. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో యూనివర్సిటీ ఫిజిక్స్ మూడు సంపుటాలూ ఉచితం. ఐఐటీల ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ (ఇగ్నో) పుస్తకాలు దాని ఈజ్ఞాన్‌కోశ్ సైటులో ఉన్నాయి. అయినా సెమిస్టర్ పరీక్షల ముందు మద్దిలపాలెం జిరాక్సు షాపుల్లో పోయేది సీనియర్ల నోట్సూ, ఆల్ ఇన్ వన్ గైడ్లే. పిల్లల బద్ధకమని తిట్టేసి ఊరుకోవచ్చు. కానీ ఆ గైడులో సిలబస్ వరసలో పాఠం ఉంటుంది, అర్థమయ్యే మాటల్లో ఉంటుంది. ఉచిత పుస్తకంలో ఆ రెండూ లేవు. కానీ ఓపెన్ లైసెన్సుతో ఇచ్చిన పుస్తకమైతే మనకి కావలసినట్టు మార్చుకునే హక్కు ఉంటుంది. ఓపెన్ పుస్తకంలో అసలు సరుకు ఆ హక్కే, డబ్బు కట్టక్కర్లేకపోవడం కొసరు.

ఈ తేడా తెలియకుండా మొదలుపెడితే పనంతా వృథా అవుతుంది. ఎంఐటీ తన కోర్సులను నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించింది. మరుసటి ఏడాది యునెస్కో సమావేశంలో ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అనే పేరు పుట్టింది, అదే ఏడాది డిసెంబరులో, ఏం చేసుకోవచ్చో హక్కుదారు ముందే చెప్పేసే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు వచ్చాయి. అప్పట్నుంచీ చూడాల్సింది ఒక్కటే, కాపీరైట్ పేజీ. అక్కడ సీసీ బై అని ఉంటే పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. ఎస్‌ఏ అని ఉంటే మనం మార్చినదాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు. ఈ చివరిది మనకి గోడే, ఎందుకంటే అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. ఎన్‌డీ పుస్తకాన్ని తెలుగు చేసి మీ బల్ల సొరుగులో పెట్టుకోవచ్చు గానీ, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి వీల్లేదు.

ఇంకో మడతపేచీ ఉంది. వికీపీడియా వ్యాసం సీసీ బై-ఎస్‌ఏ. ఓపెన్‌స్టాక్స్ క్యాలిక్యులస్ సీసీ బై-ఎన్‌సీ-ఎస్‌ఏ. రెండూ ఉదారమైనవే కదా అని కలిపి ఒక అధ్యాయం అల్లారనుకోండి, దాన్ని ఏ లైసెన్సుతో ఇస్తారు? వ్యాపారానికి ఇవ్వాల్సిందే అని ఒకటి, ఇవ్వకూడదు అని ఒకటి. ఒక సంకలనంలో వేరువేరు భాగాలుగా, ఎవరి లైసెన్సు వారికి ఉంచి పక్కపక్కన పెట్టొచ్చు. ఒకే పేరాలో కలపకూడదు. ఎడిషన్ మారితే లైసెన్సు కూడా మారొచ్చు, కాబట్టి వాడిన ఎడిషన్ కాపీరైట్ పేజీని సేవ్ చేసుకోవడం మంచిది. ఓపెన్‌స్టాక్స్ పేరు, లోగో, అట్టబొమ్మ ఆ లైసెన్సులోకి రావు. అట్ట మీరే వేసుకోవాలి.

ఇక అసలు పని. 2016లో సీసీ బై కింద వచ్చిన యూనివర్సిటీ ఫిజిక్స్ మొదటి సంపుటంలో 14వ అధ్యాయం తీసుకుందాం. పేరు ఫ్లూయిడ్ మెకానిక్స్. యంత్రానువాదానికి ఇస్తే ఫ్లూయిడ్‌ని ద్రవం అనేసే ప్రమాదం మొదటి మాటలోనే ఉంది. అప్పుడు "వాయువులు కూడా ద్రవాలే" అనే వాక్యం తయారవుతుంది, పిల్లాడు బుర్ర గోక్కుంటాడు. తెలుగు మీడియం ఇంటర్ పుస్తకంలో ఫ్లూయిడ్ అంటే ప్రవాహి, లిక్విడ్ అంటే ద్రవం. ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. స్పీడ్ వడి, వెలాసిటీ వేగం. ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం. రోజువారీ తెలుగులో ఈ జంటల్లో రెండిటికీ ఒకే మాట వాడేస్తాం, యంత్రమూ అదే చేస్తుంది. అందుకే అనువాదానికి ముందే అధ్యాయానికి ఓ నలభై, యాభై పదాల పట్టిక తయారుచేసుకోవాలి. ఇంగ్లీషు మాట, ఇంటర్ పుస్తకంలో ఉన్న తెలుగు మాట, వాడకూడని మాట, ఇలా మూడు గళ్లు. మూడో గడి లేని పట్టిక పెద్దగా పనిచేయదు.

తర్వాత ఉదాహరణలు. అమెరికా తుపానుల లెక్కని తెలుగు చేస్తే అది తెలుగు మాటల్లో ఉన్న అమెరికా లెక్కే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరికి వేరే తుపాను దేనికి? గాలి గంటకు 180 కిలోమీటర్లనుకుందాం, అంటే సెకనుకు 50 మీటర్లు. గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోలు. సాంద్రతలో సగాన్ని వడి వర్గంతో గుణిస్తే 1,500 పాస్కల్‌లు. ఎదురుగా ఉన్న 1.2 చదరపు మీటర్ల కిటికీ అద్దం మీద దాదాపు 1,800 న్యూటన్ల బలం, అంటే 180 కిలోల పైచిలుకు బరువు ఆనించినట్టు. వడి సగమైతే బలం నాలుగో వంతు అవుతుందని పిల్లలే చెబుతారు. ఉత్ప్లవనానికీ, అంటే నీరు వస్తువుని పైకి తోయడానికీ, దూరం పోనక్కర్లేదు. 1948లో ఇక్కడి షిప్‌యార్డులో నీళ్లలోకి దిగిన జల ఉష లాంటి ఓడలో 8,000 టన్నుల సరుకు ఎక్కిస్తే, ఘనమీటరుకు 1,025 కిలోల సముద్రపు నీరు అదనంగా ఎంత తొలగుతుంది? సుమారు 7,805 ఘనమీటర్లు.

ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు, లెక్క మార్చి పుస్తకం చివరి జవాబుల పట్టిక మార్చకపోవడం. మరోటి, బొమ్మలు. బొమ్మలోని అక్షరాలు ఇమేజిలో కలిసిపోయి ఉంటాయి, వాటిని చెరిపి ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాయాలి. పనంతట్లోకీ ఎక్కువ సమయం తినేది ఇదే, ఎవరూ ముందుగా లెక్కలో వేసుకోరు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కాలేజీలన్నీ 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియం అయ్యాయి కాబట్టి పూర్తి తెలుగు పుస్తకం వల్ల పరీక్షలో ఇబ్బందే. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో తెలుగు ఉంటే బాగుంటుంది. బడిపుస్తకాల్లో పిల్లలకి అలవాటైన పద్ధతే. లెక్కల పుస్తకాలు కూర్చే లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లు పీడీఎఫ్‌లేటెక్‌ని పక్కనపెట్టి జీలేటెక్ వాడాలి, లేకపోతే తెలుగు వత్తులు కుదరవు. మండలి, ఎన్‌టీఆర్ ఫాంట్లకు ఓపెన్ లైసెన్సు ఉంది.

పాత తెలుగు నోట్సు వాడుకుందామంటే ఇంకో కథ. కాలేజీల్లో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన సరుకు కుప్పలుగా ఉంది. కళ్లకి చక్కటి తెలుగే. కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు. అది అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరం కాదు, వెతికితే దొరకదు. కన్వర్టరు వాడాక వత్తులనీ, సున్నాలనీ, అంకెలనీ వరుసగా మనిషి చదివి సరిచూడాల్సిందే. పీడీఎఫ్ మాత్రమే ఇచ్చి మూలఫైలు దాచిపెట్టే వనరుదీ దాదాపు ఇదే పరిస్థితి. లైసెన్సు మార్చుకోమంటుంది, ఫైలు ఒప్పుకోదు.

కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం సంగతి వేరు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సులో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్లకి 25 మార్కులు, పరీక్షకి 75. సర్టిఫికెట్ రావాలంటే వాటిలో కనీసం 10, 30 రావాలి. పాఠం ఉచితం, పరీక్షకి ఫీజు. క్రెడిట్లకి ఇది మంచి దారే. కాలేజీలో దాన్ని ఆసరా చేసుకుని లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంచేస్తే మాత్రం ఆ వీడియో ఎవరి సందేహమూ తీర్చదు.

ఇంత పని ఎవరు చేస్తారు? 2018 యూజీసీ నిబంధనల పాయింట్ల పట్టిక చూడండి. సైన్సు లెక్చరర్‌కి జర్నల్లో ఒక పరిశోధన వ్యాసానికి 8 పాయింట్లు. మొత్తం పుస్తకం అనువాదానికీ 8. ఒక అధ్యాయానికి 3. మూడు సంపుటాల ఫిజిక్స్‌ని సరిచూసి, లెక్కలు మార్చి, బొమ్మలు గీసేవాళ్లకి ఈ లెక్క ఎలా గిట్టుబాటవుతుంది? ఉన్న ఓపెన్ పుస్తకాన్ని సరిదిద్దడానికైతే ఆ పట్టికలో గడే లేదు.

అందుకే పుస్తకం మొత్తం తలకెత్తుకోకుండా ఒక సెమిస్టర్‌కి ఒక్క అధ్యాయం పెట్టుకోవడం నయం. నలుగురు ఎమ్మెస్సీ విద్యార్థుల ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. ఒకరు పదాల పట్టిక, ఒకరు అనువాదం, ఒకరు లెక్కలూ జవాబులూ, ఒకరు బొమ్మలు. రోజుకి మూడు పేజీలకి మించి సాగదు. పూర్తయ్యాక లెక్చరర్ ఒకరు, ఈ పాఠం ఇంతవరకు చదవని డిగ్రీ మొదటి ఏడాది కుర్రాడు ఒకడు చదవాలి. లెక్చరర్ కంటికి ఆనని తప్పులు ఆ కుర్రాడికి దొరుకుతాయి. మొదటి పేజీలో మూలం పేరు, ప్రచురించినవారు, లింకు, లైసెన్సు, ఏం మార్చామో ఒక వాక్యం. లైబ్రరీకి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు మూలఫైలు, బొమ్మల ఎస్‌వీజీలు (మళ్లీ మార్చుకోగల బొమ్మ ఫైళ్లు), పదాల పట్టిక, అన్నీ ఒకే ఫోల్డరులో ఇవ్వాలి. వచ్చే ఏడాది బ్యాచ్ తర్వాతి అధ్యాయాన్ని ఆ పట్టికతోనే మొదలుపెడుతుంది.