మరో చరిత్రకి యాభై ఏళ్లు: మొదటి చిక్కు శుక్రవారమే

2028 మే 19 ఏ వారమో చూశారా? శుక్రవారం. ‘మరో చరిత్ర’ విడుదలైన 1978 మే 19 కూడా శుక్రవారమే. బాలచందర్ విశాఖలో, భీమిలిలో తీసిన సినిమా కాబట్టి యాభై ఏళ్ల ఆట మన ఊళ్లోనే పడాలని కోరుకునేవాళ్లకి కొదవుండదు. కానీ తేదీ, వారం కలిసొచ్చాయని సంబరపడకండి. వేసవి సెలవుల్లో శుక్రవారం కొత్త సినిమాలది. జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల ఏ హాలువాళ్లయినా ఆ రోజు ఫస్ట్ షో వదులుకుంటారని ఆశ పెట్టుకోకండి. ఉదయం 8 గంటల ఆట అడగండి. పదకొండు దాటకుండా అయిపోతుంది, వాళ్ల మ్యాట్నీకి అడ్డు రాదు.

ఫ్లెక్సీ కొట్టించే ముందు లెక్క సరిచూసుకోండి. 2027 మే 19న మొదలయ్యేది యాభయ్యో ఏడు. యాభై నిండేది 2028లో. ఈ ఒక్క ఏడు తేడాతో ముందే కేకు కోసేసేవాళ్లు బోలెడుమంది. పాత షీల్డు మీద ‘రజతోత్సవం’ అని కనిపిస్తే అది 25 ఏళ్లు కాదు, 25 వారాలు, అంటే 175 రోజులు. అసలు తెలుగు టాకీ పుట్టినరోజునే మనం దశాబ్దాల పాటు 1931 సెప్టెంబర్ 15 అనుకున్నాం. సినీ పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సార్ వివరాలు తవ్వి, ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చారు. కాబట్టి ఎవరో రాసిన వ్యాసం సరిపోదు, ఆ వారం దినపత్రికలో వచ్చిన సినిమా ప్రకటనే సాక్ష్యం.

హక్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను. మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఈ సినిమాకి 2038 చివరిదాకా ఉంటుంది కాబట్టి హక్కుదారు రాతపూర్వక అనుమతి లేకుండా బొమ్మ పడదు. పాటల లెక్క వేరు. సాహిత్యం హక్కు రాసినవారు పోయాక 60 ఏళ్లు నడుస్తుంది. ఈ పాటలు రాసిన ఆత్రేయ పోయింది 1989లో, అంటే 2049 దాకా.

అసలు తలనొప్పి కాపీతో. ‘మా దగ్గర మంచి ప్రింటుంది సార్’ అని పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టేవాళ్లు దొరుకుతారు. నూటికి తొంభై పాళ్లు అది టీవీ కోసం చేసిన ఫైలే. కనిపెట్టడం తేలిక. సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ పత్రం మీద ఆపి నిడివి చూడండి, మీటర్లలో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. పత్రంలో 4,500 మీటర్లు ఉంటే బొమ్మ 164 నిమిషాలుండాలి. ఫైలు 158 నిమిషాలకే అయిపోతోందా? కత్తెర పడకపోయినా అవుతుంది: సెకనుకి 24 ఫ్రేముల బొమ్మని టీవీ లెక్కకి 25 ఫ్రేములతో పరిగెత్తించారన్నమాట. దాంతో శ్రుతి కూడా పైకి పోతుంది. బాలు గొంతు సన్నబడి, పక్కన హార్మోనియం పెట్టుకుంటే ఏ మెట్టుకీ అందదు.

తర్వాత టైటిల్స్ చూడండి. పేర్ల పైవరస తెర అంచుకి కరుచుకుపోయినా, తలలు తెగినా, వెడల్పు తెర నింపడానికి పైనా కిందా కోసేశారని అర్థం. వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లుండే చట్రంలో తీసిన బొమ్మైతే 2కే డీసీపీలో (హాళ్లలో వేసే డిజిటల్ సినిమా ఫైలు) 1480×1080 పిక్సెళ్ల చొప్పున మధ్యలో ఉండాలి, రెండు పక్కలా నల్లగా వదిలెయ్యాలి. ‘తెర ఖాళీగా కనిపిస్తోంది, లాగమంటారా?’ అని ఆపరేటర్ అడుగుతాడు. వద్దనండి. లాగితే అందరి మొహాలూ గుమ్మడికాయలవుతాయి.

మోనో సౌండు మధ్య స్పీకర్లోనే రావాలి. ఎడమా కుడీ రెండిట్లోకీ కలిపిన ఫైలైతే, పక్క సీట్లవాళ్లకి మాట తెర మీద నుంచి కాక గోడలోంచి వస్తున్నట్టుంటుంది. హాల్లో సౌండు పెంచే ఫేడర్ 7 దగ్గర ఉండటం ప్రామాణికమే గానీ పాత ఆప్టికల్ ట్రాక్ (ఫిల్ము అంచునే ముద్రించిన శబ్దం) అక్కడ కీచుమంటుంది, 5 నుంచి మొదలుపెట్టి చెవికి నచ్చేదాకా పెంచుకోండి.

డీసీపీకి తాళం ఉంటే కేడీఎం, అంటే దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి, కావాలి. అది ఫలానా హాలులోని ఫలానా సర్వర్‌కే తెరుచుకుంటుంది. మధ్యలో సర్వర్ మార్చారో, అంతే సంగతులు. తాళంచెవి గడువుని ఆట వేళకే మొదలుపెట్టించుకుంటే ముందు వేసి చూసుకునే వీలుండదు, అందుకని 18 సాయంత్రం నుంచి అడగండి. డిస్కులోని 200 జీబీ సినిమా పాత యూఎస్‌బీ ద్వారా సర్వర్‌లోకి ఎక్కడానికి రెండు గంటల దాకా పడుతుంది. 18 రాత్రి సెకండ్ షో అయ్యాక టైటిల్స్, ఒక పాట, ఇంటర్వెల్ చోటు, చివరి పది నిమిషాలు వేసి చూడాలి.

ఇక బీచ్‌లో వేద్దామనే ముచ్చట. నా ఓటు వద్దనే. మే 19న మనకి పొద్దు వాలేది 6:25 ప్రాంతంలో, ఏడు దాకా తెర నల్లబడదు. రెండున్నర గంటలు దాటే సినిమా, పదింటికల్లా మైకులు ఆపెయ్యాలి, ఇంటర్వెల్ సంగతి మీరే ఊహించుకోండి. పైగా గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే 16×9 అడుగుల తెరని సుమారు 60 కేజీల బలంతో తోస్తుంది. ఇసుకలో మేకులు నిలవవు, రెండు పక్కలా నీళ్ల డ్రమ్ములు కట్టాలి. అన్నీ చేసినా ఆర్కే బీచ్ దీపాల వెలుగుకి నలుపు బూడిద రంగైపోతుంది. నలుపు తెలుపు బొమ్మకి ఇక మిగిలేదేముంది?

బీచ్‌లో పాటలు పెట్టుకోండి, చాలు. ముందుగా పోలీసు అనుమతి, ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంఘం) లైసెన్సు తీసుకోండి. సముద్రం హోరులో మెల్లటి పల్లవులు వినపడవు కాబట్టి స్పీకర్లు నీళ్ల వైపు తిప్పకండి, జనానికి దగ్గరగా చిన్నవి నాలుగు పెట్టండి. చివరి పాట 9:50కి మొదలైపోవాలి.