జీతాలన్నీ ఒకే ఖాతాలో

మా అనంతపురం వైపు ఇంటర్ తర్వాత ఎవరైనా ఏడాది ఖాళీగా ఉన్నారంటే లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్నట్టు. డిగ్రీ తర్వాత ఖాళీగా ఉన్నారంటే గ్రూప్స్‌కో, పెళ్లికో సిద్ధమవుతున్నట్టు. అగ్రికల్చర్ బీఎస్సీ అయిపోయాక 2018లో "ఒక ఏడాది ఇజ్రాయెల్ పోయి కిబుట్స్‌లో వాలంటీర్‌గా చేస్తా" అంటే ఇంట్లో మొదట అడిగింది జీతమెంత అని. కిబుట్స్ అంటే పనీ సంపాదనా ఉమ్మడిగా పంచుకునే పద్ధతిలో పెట్టుకున్న ఊరు. జీతం లేదు, తిండీ గదీ వాళ్లదే, నెలకు కాస్త పాకెట్ మనీ ఇస్తారు అన్నా. "దానికి అంత దూరం ఎందుకు? మన తోటలోనే చెయ్, తిండీ గదీ నేనూ ఇస్తా" అన్నాడు నాయన.

ఆయనకు ఇజ్రాయెల్ పేరు కొత్తేం కాదు. 90ల చివర్లో కుప్పంలో ఇజ్రాయెల్ టెక్నాలజీతో సేద్యం చేయించినప్పుడు సీమ రైతులంతా దాని గురించి మాట్లాడుకున్నారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఖర్చు చూసి తిట్టుకున్నారు. మా చీనీ (బత్తాయి) తోటంతా డ్రిప్పే. ఆ డ్రిప్పును వ్యాపారంగా ప్రపంచం మీదికి వదిలిన నెటాఫిమ్ కంపెనీ 1965లో నెగెవ్ ఎడారిలోని హట్జెరిమ్ అనే కిబుట్స్‌లో పుట్టిందని చదివినప్పటి నుంచి నాకు ఒకటే అనుమానం. ఊరు మొత్తం కలిసి ఒక ఫ్యాక్టరీకి ఓనరెట్లా అవుతుంది? మా ఊళ్లో నలుగురు కలిసి ఒక బోరు వేయించుకుంటేనే రెండో ఏటికి పోలీస్ స్టేషన్ దాకా పోతుంది.

నేనున్నది దక్షిణాన, అరావా లోయలో. కిబుట్స్ పేరు రాయను. మొహమాటం లేకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏడాదికి 30 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోటు అది. సగటున 550 పడే మా జిల్లానే మనం కరువు జిల్లా అంటున్నాం. తూర్పున కంచె, దాని అవతల జోర్డాన్ కొండలు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఖర్జూరం ఆ ఉప్పును ఓర్చుకుంటుంది కాబట్టి లోయ పొడవునా ఖర్జూరం తోటలే.

మొట్టమొదటి కిబుట్స్ డెగానియా 1910లో పెట్టారు. ఇప్పుడు 270 దాకా ఉన్నాయి. 80లలో దేశం ఆర్థిక సంక్షోభంలో పడ్డాక కిబుట్స్‌లు అప్పుల్లో మునిగాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే పద్ధతి మార్చుకుని ఎవరి జీతం వాళ్లదే అనేశాయి. డెగానియా కూడా 2007లో మారిపోయింది. నేనున్నది మాత్రం మారని కొద్దివాటిలో ఒకటి. ఏలాట్ పట్టణానికి పోయి ఇంజినీరుగా చేసేవాళ్ల జీతం, పాల డెయిరీ ఆదాయం, ఖర్జూరం డబ్బులు అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఇంటికి ఇచ్చే బడ్జెట్ ఇంట్లో మనుషుల్ని బట్టే, చేసే ఉద్యోగాన్ని బట్టి కాదు.

ఫోన్‌లో ఇది చెప్తే నాయన కాసేపు ఆలోచించి, "అట్లయితే కష్టపడి సదువుకున్నోడు ఆడ ఎందుకుంటాడు పాపా?" అన్నాడు. ఇదే ప్రశ్న అక్కడ కనపడిన ప్రతివాళ్లనూ అడిగా. చాలామంది పిల్లలు ఆర్మీకి పోయి, ఊళ్లన్నీ తిరిగి, టెల్ అవీవ్‌లో సెటిలైపోతున్నారు. దాచుకోకుండానే చెప్పారు.

వెళ్లకముందు నేను ఊహించుకున్నది పాటలు, మంట చుట్టూ డాన్సులు, ఒకరి మీద ఒకరికి ప్రేమ. వాలంటీర్ల మధ్య అవీ ఉన్నాయి. కానీ ఊరు నడిచేది లిస్టు మీద. డైనింగ్ హాల్ బయట బోర్డుకి అంటించేవాళ్లు: ఎవరు డెయిరీ, ఎవరు తోట, ఎవరు వంటిల్లు, శుక్రవారం రాత్రి గిన్నెలు ఎవరివి. నాకు మొదట పడింది గిన్నెలు. గిన్నెలంటే సింకు కాదు, కన్వేయర్ బెల్టు మీద ప్లేట్లు లోపలికి పోయి ఆవిర్లు కక్కుతూ అవతల బయటికొస్తాయి. ఒకవైపు నేను ఎంగిలి గీకి పెడుతుంటే అవతల వేడివేడి ప్లేట్లు దించుతున్నది 70 దాటిన పెద్దాయన. ఒకప్పుడు ఆ కిబుట్స్‌కి సెక్రటరీగా, అంటే ఊరు నడిపే పెద్దగా చేశాడట. ఎవరూ ఆయన చేతిలోంచి ప్లేట్లు లాక్కుని "మీరు కూర్చోండి" అనలేదు. మా ఉమ్మడి ఇంట్లో పండగ రోజు అమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ గిన్నెల ముందు కూర్చుంటే మగవాళ్లు తాంబూలం వేసుకుని నడుం వాల్చేవాళ్లు. మా ఇంట్లోనూ లిస్టు ఉన్నట్టే, గోడకి అంటించలేదంతే.

అట్లని అంతా సమానమే అనుకోకండి. డ్యూటీ లిస్టు వదిలేసి పర్మనెంట్ పనులు చూస్తే లాండ్రీలో, పిల్లల దగ్గర ఎక్కువగా ఆడవాళ్లు, ట్రాక్టర్ల మీద మగవాళ్లు. లాండ్రీ అంటే గుర్తొచ్చింది: ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు ట్యాగు ప్రతి బట్టకీ కాలరు లోపల ఉంటుంది. ఊరి బట్టలన్నీ కలిపి ఉతికి నంబర్ల అరల్లో మడిచి పెడతారు. నా కాటన్ చుడీదార్ ఒకటి ఆ వేడినీళ్లకి ముడుచుకుపోయి మా చిన్నమ్మ కూతురి సైజుకొచ్చింది.

గిన్నెల తర్వాత ఖర్జూరం తోటకి వేశారు. ఏప్రిల్ నుంచి పిందెలు పలచన చెయ్యాలి. తెల్లారి ఐదుకే పని మొదలు, ఎండెక్కాక ఆ లోయలో నిలబడలేం. హైడ్రాలిక్ లిఫ్టు ఎక్కి చెట్టు తల దగ్గరికి పోతే ఒక్కో గెలకి పదుల కొద్దీ ఈనెలు, ఒక్కో ఈనెకి పొడవునా ఆకుపచ్చ పిందెలు. అన్నీ ఉంచేస్తే కాయ సైజు రాదు. ఈనెను ఎడమ చేత్తో బిగించి పట్టుకుని, కుడి బొటనవేలితో పిందె పక్కన పిందె రాల్చుకుంటూ కొన్ని మాత్రమే మిగల్చాలి. మొదట్లో నాకు చెయ్యి రాలేదు. చీనీ పూత రాలితే ఇంట్లో టెన్షన్ పడే దాన్ని, కాసిన కాయని నేనే రాల్చడమేంటి? పక్క లిఫ్టులోని థాయ్ కుర్రాడు నేను ఎక్కువ వదిలేసిన గెలని చూపించి, నవ్వి, వాడే సగం రాల్చేశాడు.

ఈ థాయ్ వాళ్ల గురించి చెప్పాలి. బయటి కూలీల్ని పెట్టుకోకూడదు, మన చెమటే మనం కార్చాలి అనేది కిబుట్స్ పెట్టినప్పటి సూత్రం. ఇప్పుడు దేశమంతా పొలాలు చాలావరకు థాయ్‌లాండ్ నుంచి ఐదేళ్ల పర్మిట్ మీద వచ్చినవాళ్లతోనే నడుస్తున్నాయి. మా దగ్గరా అంతే. వాళ్ల క్వార్టర్లు ఊరి చివర, మీటింగుల్లో ఓటు లేదు, జీతం మాత్రం ఎవరిది వాళ్లదే. సమానత్వం మెంబర్ల దగ్గరే ఆగిపోతుంది. వాలంటీర్లకీ ఓటు లేదనుకోండి, కానీ మేం సరదాకి వచ్చినవాళ్లం. ఆ ఊరు మొత్తంలో నాతో సమానంగా కారం తినగలిగింది కూడా వాళ్లే. బొప్పాయి కాయ తురిమి పచ్చిమిరపకాయలు దంచి వాళ్లు చేసే సలాడ్‌కి, నేను దంచిన చెనక్కాయల పొడికి ఇచ్చిపుచ్చుకోవడం ఉండేది.

2023 అక్టోబర్ 7న గాజా పక్కనున్న బేరి, నీర్ ఓజ్, క్ఫార్ అజా కిబుట్స్‌ల మీద హమాస్ దాడి జరిగినప్పుడు చనిపోయినవాళ్లలో, బందీలుగా తీసుకుపోయినవాళ్లలో పొలాల్లో పనిచేసే థాయ్ వాళ్లు కూడా ఉన్నారు. అప్పటికి నేను వచ్చేసి చాలా కాలమైంది, మేమున్నది గాజాకి దూరం. అయినా ఆ వార్తల్లో డైనింగ్ హాళ్లు, చిన్న చిన్న ఇళ్లు, సైకిళ్లు చూస్తుంటే అన్నీ తెలిసినవే. ఆ తర్వాత గాజాలో పదుల వేలమంది చనిపోయారు. ఇక్కడ మామూలుగా కిబుట్స్ కబుర్లు రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టిందంటే కారణం ఇదే.

వాలంటీర్‌కి ఒక్కో కుటుంబాన్ని అప్పజెప్తారు. నాకు దొరికిన ఆంటీ ఉత్తరాన వేరే కిబుట్స్‌లో పుట్టి పెరిగింది. ఆమె చిన్నప్పుడు పిల్లలు అమ్మానాన్నలతో పడుకునేవాళ్లు కారు. పిల్లలందరికీ కలిపి వేరే ఇల్లు. సాయంత్రం కొన్ని గంటలు అమ్మానాన్నల దగ్గర గడిపి తిరిగి అక్కడికే. రాత్రి ఎవరైనా ఏడిస్తే ఇంటర్‌కమ్‌లో విని, డ్యూటీలో ఉన్నామె వచ్చేది, ఆమె కూడా లిస్టు ప్రకారమే. "ఆమె వేరే ఇంట్లో ఉంటే వచ్చేసరికి ఏడుపు నేనే ఆపేసుకునేదాన్ని" అని టీ పోస్తూ మామూలుగా చెప్పింది. తన పిల్లల్ని మాత్రం ఇంట్లోనే పడుకోబెట్టుకుంది. 90లు దాటేసరికి ఆ పద్ధతి ఎక్కడా మిగల్లేదు.

ఆమెతోనే ఒకసారి ఊరి మీటింగుకి పోయా. ఆ రోజు గొడవ కరెంటు గురించి. బిల్లు అందరిదీ కలిపే కట్టడంతో జనం ఇంట్లో లేకున్నా ఏసీలు ఆపట్లేదట. ఇంటింటికీ మీటర్ పెట్టాలా వద్దా? ఒకాయన లేచి, మీటర్ పెట్టిన రోజే కిబుట్స్ పోయినట్టు, రేపు ప్లేటుకింత అంటారు, ఎల్లుండి జీతాలు వేరంటారు అన్నాడు. వేరే చోట్ల సరిగ్గా ఆ వరసలోనే జరిగింది మరి. ఇంకో ఆవిడ, ఖాళీ ఇంటిని చల్లబరచడం ఏ సోషలిజం అని అడిగింది. ఆంటీ నా చెవిలో ఇంగ్లీషులో చెప్తూ మధ్యలో తనే అరవడం మొదలుపెట్టింది కాబట్టి కొంత భాగం నాకు తెలియదు. చివరికి కమిటీ వేశారు. కమిటీ అంటే ఏంటో మనకి ఒకరు చెప్పాలా?

నాయనకి ఈ కథ భలే నచ్చింది. మన దగ్గర వ్యవసాయానికి కరెంటు ఉచితం కదా, ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టేసి మోటారు దాని మానాన వదిలేసేవాళ్లు ఎంతమందో. "ఆడా అంతేనన్నమాట" అని తృప్తిగా నవ్వాడు.

పక్కనే కెటురా కిబుట్స్‌కి పోయి మెతూసెలా అనే ఖర్జూరం చెట్టు చూశాం. మసాడా కోట తవ్వకాల్లో దొరికిన దాదాపు 2000 ఏళ్ల విత్తనం అది, 2005లో నాటితే మొలిచింది. మగ చెట్టు. దాని పుప్పొడితో హన్నా అనే ఇంకో పాత విత్తనపు చెట్టు 2020లో కాయలు కాసిందని ఇంటికొచ్చాక చదివి, తోటలో చేసినదాన్ని కాబట్టి నాకేదో వాటా ఉన్నట్టు అందరికీ ఫార్వర్డ్ చేశా.

వెళ్లొచ్చా అని అడిగేవాళ్లకి: 18 దాటి ఉండాలి, వాలంటీర్ వీసా వేరే ఉంటుంది, హీబ్రూ రాకపోయినా నడుస్తుంది. యుద్ధం తర్వాత పరిస్థితి చోటును బట్టి మారిపోయింది కాబట్టి ఏజెంట్ల మాట కాకుండా నేరుగా ఆ కిబుట్స్‌నే అడగండి. తోట పనికి గట్టి బూట్లు తీసుకుపోండి, ఖర్జూరం ముల్లు మామూలు చెప్పుల్లోంచి దిగుతుంది. మంచి బట్టలు మాత్రం లాండ్రీకి వేయకండి.