పొట్లాలు కట్టేవాడు

దుబాయ్‌లో మీవాడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అమ్మ దగ్గర ఒకటే జవాబు. "పొట్లాలు కడతాడు." పెళ్లిసంబంధాలు చూసే రోజుల్లో ఈ మాట వింటే నాకు తల కొట్టేసినట్టుండేది. గిఫ్ట్ కౌంటర్ అని చెప్పమ్మా, పెద్ద మాల్ అని చెప్పమ్మా అని మొత్తుకునేవాణ్ణి. ఆవిడ వింటే కదా. ఇప్పుడు ఆలోచిస్తే అమ్మ చెప్పిందాంట్లో అబద్ధమేం లేదు.

మాది ఒడిశాలోని బరంపురం, గంజాం జిల్లా. ఇచ్ఛాపురం దాటాక పాతిక కిలోమీటర్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో రెండు భాషల్లోనూ తిట్లు. నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. పాత పేపరు చింపి, శంకులా చుట్టి, పావుకిలో పంచదార పోసి, పై అంచు రెండు మడతలు వేసి లోపలికి దోపి, పైన వేలాడే ఉండలోంచి పురికొస లాగి రెండు చుట్లు తిప్పి ముడేసి పటుక్కున తెంపేవాడు. టేపు లేదు, పిన్ను లేదు. ఆ పొట్లం సైకిలు మీద ఊరి చివరిదాకా వెళ్లినా పలుకు రాలేది కాదు. ఇంటికొచ్చిన పొట్లం తాడుని కత్తెరతో కోస్తే మాత్రం వీపు మీద పడేది. ముడి విప్పాలి, తాడు మళ్లీ ఉండకి చుట్టాలి.

దుబాయ్‌లో నన్ను మొదట స్టోర్‌రూములో హెల్పర్‌గా వేశారు. ఒక డిసెంబరులో కౌంటర్ దగ్గర జనం చాంతాడంత లైను కట్టారు, మనుషులు చాలక నన్ను పిలిచారు. మధ్యలో టేపు అయిపోయింది. నేను అలవాటు కొద్దీ అంచుని అంచులోకి దోపి రిబ్బనుతో బిగించేశాను. సూపర్‌వైజర్ తిప్పి తిప్పి చూశాడు. మర్నాటి నుంచి నా చోటు అక్కడే.

కౌంటర్ పని చూసేవాళ్లకి సరదాగా ఉంటుంది. ఈద్ ముందు వారం పన్నెండు గంటలు నిలబడితే చీలమండలు పొంగిపోతాయి. కాగితం అంచు బొటనవేలిని కోస్తుంది, రక్తం కనబడదు, మంట మాత్రం తెలుస్తుంది. కొలతకి నేను స్కేలు వాడను. తాడుతో పెట్టె చుట్టుకొలత తీసి రెండు వేళ్లు కలుపుతాను. రెండు పక్కలా మిగిలే కాగితం పెట్టె ఎత్తులో సగం కన్నా కొంచెం ఎక్కువ ఉంటే చాలు. అంతకు మించితే మూలల దగ్గర ఉబ్బుతుంది, దుబారా కూడా.

దుబారా అంటే గుర్తొచ్చింది. రోజు ముగిసేసరికి కౌంటర్ కింద ముక్కలతో రెండు నల్ల సంచులు నిండేవి. మెరిసే కాగితాన్ని గుప్పిట్లో నలిపి వదిలిపెట్టి చూడండి. అలాగే ముద్దగా ఉంటే కాగితం, మళ్లీ విచ్చుకుంటే అందులో ప్లాస్టిక్ పొర ఉన్నట్టు. అలాంటిది మళ్లీ కాగితం కావడం కష్టం. ఒకసారి కొన్ని ముక్కలు రూముకి తీసుకెళ్తుంటే గేటు దగ్గర ఆపారు. సంజాయిషీ రాయించుకుని సగం రోజు జీతం కోశారు. చెత్తబుట్టలో పడితే చెత్త, నా సంచీలో పడితే దొంగతనం. ఇప్పటికీ నాకా లెక్క అర్థం కాదు.

ఒకరోజు ఒక జపాన్ ఆవిడ వచ్చింది. కాగితం వద్దని తన బ్యాగులోంచి చతురస్రపు గుడ్డ తీసి, దాంట్లో పెట్టెని మూలగా పెట్టి ఎదురెదురు కొసలు ముడేసింది. దాన్ని ఫురోషికి అంటారట. ఇది మా చాకలి మూటే కదమ్మా అనబోయి ఆగాను. ముడి మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మొదటిసారి కుడి కొస ఎడమ మీదుగా, రెండోసారి ఎడమ కొస కుడి మీదుగా వేస్తే ముడి చదునుగా పడుతుంది, కొసలు రెండువైపులా ఒద్దికగా పడుకుంటాయి. రెండుసార్లూ ఒకవైపే వేస్తే కొసలు అడ్డంగా నిక్కుతాయి, ముడి జారుతుంది. 2006లో వాళ్ల పర్యావరణ మంత్రి యురికో కోయికే వాడేసిన ప్లాస్టిక్ సీసాల దారంతో ఫురోషికి చేయించిందని తర్వాత చదివాను. మూటకి మంత్రిగారి సిఫార్సు!

2022 జూలై 1న దుబాయ్‌లో ఒకసారి వాడి పారేసే సంచికి 25 ఫిల్సులు, అంటే పావు దిర్హం, వసూలు చేయడం మొదలుపెట్టారు. సరిగ్గా అదే రోజు మన దేశంలో స్వీటు డబ్బాలకీ శుభలేఖలకీ చుట్టే ప్లాస్టిక్ పొరని నిషేధించారు. అక్కడ 2024లో ఒకసారి వాడి పారేసే సంచుల్నే తీసేశారు. అప్పట్నుంచి "న్యూస్‌పేపర్లో చుట్టి తాడు కట్టండి, బాగుంటుంది" అని అడిగే తెల్లవాళ్లు కనబడుతున్నారు. అంటే మా నాన్న స్టైలు. దానికి వేరే రేటు కూడా పెట్టాం.

మరి మా ఊళ్లో? ఈసారి సెలవుకి వచ్చినప్పుడు గోసానినువాగాంలో మా పెద్దత్త గృహప్రవేశం. స్టీలు డబ్బాల సెట్టు కొన్నాను. చుట్టాలందరూ దుబాయ్ తళుకు కాగితం వస్తుందని కాచుక్కూచున్నారు. నేను పంతం పట్టి ఇంట్లో ఉన్నవాటితోనే కట్టాలనుకున్నాను. పాత ఒడియా పేపరు, నాన్న ఉండలోని పురికొస, పాత శుభలేఖ వెనకవైపు కోసిన చీటీ. తినేదైతే పేపరులో చుట్టను, సిరా అంటుతుంది. డబ్బాలకేం ఫరవాలేదు. రాత్రి కరెంటు పోయింది. సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని చుట్టేశాను, మూలలు కత్తిలా వచ్చాయి.

పొద్దున్న ఆటో ఎక్కుతుంటే అమ్మ ఒళ్లో పెట్టుకున్న పెట్టెను చూసి, "ఒరే, ఇదేట్రా?" అంది. పైవైపు, సరిగ్గా నడిమధ్యన, మీసాల పెద్దాయన ఫొటో. కింద ఒడియాలో లావుపాటి అక్షరాలతో శ్రద్ధాంజలి.

గృహప్రవేశానికి శ్రద్ధాంజలి! నాకు చెమటలు పట్టేశాయి. మళ్లీ చుట్టడానికి టైం లేదు, ముహూర్తం ముంచుకొస్తోంది. అమ్మ ఆటో ఆపమని ఇంట్లోకి పరుగెత్తి, చిరిగిపోయిన తన పట్టుచీర అంచు పట్టుకొచ్చింది. బరంపురం పట్టు, గుడి గోపురాల్లాంటి కుంభం అంచు. చీరల పెట్టెలో దాచిన మొగలిరేకుల వాసన ఇంకా దానికి అలాగే ఉంది. జానెడు వెడల్పు ఉందేమో, పెద్దాయన మీసాల మీంచి అడ్డంగా వేసి చుట్టింది. ముడి నేను వేశాను, జపాన్ ముడి.

పెద్దత్త పెట్టె అందుకుని పేపరు వంక చూసి, "దుబాయ్‌లో కాయితాలకి కరువొచ్చిందేట్రా?" అంది. చుట్టూ నవ్వులు. కానీ అంచు చూడగానే ముఖం మారింది. ముడి నెమ్మదిగా విప్పి, అంచు మడతపెట్టి, జాకెట్టు చేతులకి కుట్టించుకుంటానని బొడ్లో దోపుకుంది. పేపరు ఎక్కడ తీసి పారేస్తుందో అని నేను దేవుళ్లందరికీ మొక్కుతుంటే, దాన్నీ చింపకుండా సాపు చేసి పక్కన పెట్టింది.

వెళ్లే ముందు చెప్పి వద్దామని మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. కొత్త వంటింటి అలమారాలో ఆ పేపరే పరిచి ఉంది. దాని మీద నా డబ్బాలు వరసగా ఉన్నాయి. కందిపప్పు డబ్బాకీ పెసరపప్పు డబ్బాకీ మధ్యలోంచి మీసాలాయన మమ్మల్నే చూస్తున్నాడు. పెద్దత్తకి ఒడియా మాట్లాడ్డమే గానీ చదవడం రాదు.

"ఎవరోరా పెద్దమనిషి, ముఖంలో కళ ఉంది" అంది కాఫీ అందిస్తూ. "అందుకే ఆ ముక్క చింపబుద్ధి కాలేదు."