పాత కారు, కొత్త బ్రేకులు

పెయింటు ఉబ్బిన చోట స్క్రూడ్రైవరుతో గీకితే తుప్పు పొడిపొడిగా రాలి, చివరికి బొటనవేలు పట్టేంత రంధ్రం తేలిన రోజునే, ఈ 1960ల నాటి కారు నా సెలవులన్నిటినీ మింగేస్తుందని అర్థమైంది. కుళ్లిన రేకు కోసి కొత్త ముక్కను వెల్డింగ్ చేయడం నెమ్మదిగానైనా సాగింది. అసలు మీమాంస బ్రేకుల దగ్గర మొదలైంది. ఆ కాలపు చాలా కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే హైడ్రాలిక్ సర్క్యూట్, అంటే బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని చక్రాలకు చేర్చే గొట్టాల వరుస, ఉండేది కాబట్టి, ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా పెడల్ నేలకు ఆనుతుంది, ఇక మిగిలేది హ్యాండ్ బ్రేకే. అందుకే, అసలు రూపం చెడగొట్టకూడదన్న పట్టుదలను పక్కనపెట్టి, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులనూ, పెడల్ తొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండరును రెండు సర్క్యూట్లదిగానూ అమర్చాను. ఆ పనిలోనే బ్రేక్ ఆయిల్ నాలుగు చుక్కలు కొత్త పెయింటు మీద పడ్డాయి. అది పెయింటును తినేస్తుందని తెలిసి కూడా గుడ్డ కప్పని నా నిర్లక్ష్యానికి గుర్తుగా మడ్‌గార్డు మీద ఆ ముడతలు ఇంకా అలాగే ఉన్నాయి.

స్పార్క్ ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టేలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ఇగ్నిషన్ పాయింట్లను మాత్రం మార్చలేదు. ఎలక్ట్రానిక్ కిట్ పెడితే వాటి మధ్య సందు సరిచేసే బాధే ఉండదంటారు, నిజమే. కానీ సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకును పాయింట్ల మధ్య దూర్చి, అది పట్టీపట్టనట్టు కదిలేదాకా స్క్రూను సరిచేయడం నాకు ఎంతో ఇష్టమైన పని. 0.4 మిల్లీమీటర్ల ఆ సందు కుదిరాక, నిన్న సాయంత్రం మూడో ప్రయత్నంలో ఇంజిన్ అందుకుంది. కార్బురేటర్ మాత్రం ఇంకా దగ్గుతూనే ఉంది.