మా అబ్బాయి చూడాలన్న ఇల్లు

మా అబ్బాయికి ఈ మధ్యే 16 ఏళ్ళు నిండాయి. పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే, "బ్రాంక్స్‌లో ఒక బిల్డింగ్ చూడాలి, తీసుకెళ్తావా నాన్నా?" అన్నాడు. న్యూయార్క్ నగరంలో, సెడ్జ్‌విక్ అవెన్యూ, 1520 నంబరు. మా ఇంటి నుంచి కారులో గంట ప్రయాణం. ఎవరో అద్దెకుండే అపార్ట్‌మెంట్‌లో చూడటానికి ఏముంటుందని కొట్టిపారేశాను. వాడు గొడవపడలేదు. "రాజమండ్రిలో నువ్వు చూపించిన ఇల్లు నేను చూశాను కదా" అన్నాడు, అంతే.

నిజమే, చూశాడు. మూడేళ్ళ క్రితం జూన్ ఎండలో, తల నొప్పిగా ఉందన్నా వినకుండా కందుకూరి వీరేశలింగం గారి ఇంటికి తీసుకెళ్ళాను. 1881లో ఈ ఊళ్ళో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి ఈయనే అని చెప్పి, గోడ మీద వాడి చెయ్యి పెట్టించాను. అక్కడ చూడటానికి ఏముందని వాడు అడగలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆ బిల్డింగ్ గురించి చదివాను. 1973 ఆగస్టు 11న కింది అంతస్తు హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని. ప్రవేశం ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేసింది ఆమె అన్న, 18 ఏళ్ళ క్లైవ్. లోకానికి డీజే కూల్ హెర్క్. పాటలో గొంతులన్నీ ఆగి దరువు ఒక్కటే మిగిలే ఆ కొద్ది క్షణాలను సాగదీయడం అతని విద్య. ర్యాప్ పాటలకు పుట్టిల్లయిన హిప్ హాప్ సంగీతం తన పుట్టినరోజును ఆ రాత్రి నుంచే లెక్కపెట్టుకుంటుంది. అతను 12 ఏళ్ళప్పుడు జమైకా నుంచి వచ్చినవాడు. వాడుకున్నది తండ్రి కొన్న సౌండ్ సామాను. వలస వచ్చిన ఇల్లు, పిల్లవాడి చేతికి అందిన తండ్రి వస్తువు. అది చదివాక గుండె కలుక్కుమంది.

నా భయం వేరు. బ్రూక్లిన్‌లో ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలో పెరిగిన ర్యాపర్ జే-జీ, ఏ కంపెనీ తీసుకోకపోతే కారులోంచి సీడీలు అమ్మి, స్నేహితులతో కలిసి సొంత సంస్థ పెట్టి, 2019 నాటికి ఫోర్బ్స్ లెక్కలో బిలియనీర్ అయ్యాడు. దారి వేసిన హెర్క్‌కు మాత్రం 2011లో శస్త్రచికిత్స అవసరమైనప్పుడు ఆరోగ్య బీమా కూడా లేదు. టుపాక్ అనే ర్యాపర్ 25 ఏళ్ళకు కాల్పులకు బలయ్యాడు. ఇంకో ర్యాపర్ నిప్సీ హసిల్ 33 ఏళ్ళకు, తన దుకాణం ముందే. కన్నవాడికి ముందు గుర్తొచ్చేది వీళ్ళే. కానీ మా వాడు ర్యాపర్‌ని అవుతానని ఏనాడూ అనలేదు. ఒక బిల్డింగ్ చూస్తానన్నాడు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. కెండ్రిక్ లామార్ అనే ర్యాపర్ పాట కారులో పెడితే ఆపేయమనేవాణ్ణి. 2018లో అతనికి అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి వచ్చిందని, శాస్త్రీయ సంగీతం, జాజ్ కాకుండా ఆ బహుమతి అందుకున్న తొలి సంగీతం అదేనని తెలిసిన రోజు నుంచి ఆపమనడం మానేశాను. పైగా స్నేహితులకు గొప్పగా చెప్పాను. అంతకు ముందు రోజూ అదే గొంతు, అవే మాటలు. నేను తలవంచింది బహుమతికి. మా వాడికి అది తెలుసు.

పిల్లలు ప్రేమించేవాటిని మనమూ తెలుసుకోవాలని తోటి తల్లిదండ్రులకు చెబుదామని ఇది మొదలుపెట్టాను. కానీ ఆ పాటలు కొన్నింట్లో ఆడవాళ్ళ గురించి వచ్చే మాటలకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాడి చెల్లెలు పక్కనుంటే ఆపేయమంటాను. మన సినిమా పాటల్లో అలాంటివే వస్తే ఎన్నడూ ఆపలేదు. ఎక్కడ గీత గీయాలో నాకు తెలియడం లేదు.

వారం తర్వాత "పద, వెళ్దాం" అన్నాను. "ఇప్పుడు వద్దులే నాన్నా" అన్నాడు. పోయిన శనివారం వాళ్ళమ్మకు చెప్పి, స్నేహితుడితో రైల్లో వెళ్ళి వచ్చాడు. నాకు ఫొటోలు చూపించలేదు. చెల్లెలి ఫోనులో ఒకటి కనబడింది. ఇటుక గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, రాజమండ్రిలో నేను పెట్టించినట్టే.